గొంతుకు నాలుగు హద్దులు

ఈమధ్య హిందూపురం బజారులో ఒక గొడుగు కొన్నాను. మా ప్రాంతంలో గొడుగు కొనడమంటే దేవుడి మీద కొంత ఒత్తిడి తేవడమే. గొడుగుతో పాటు చిన్న గ్యారంటీ కార్డు ఇచ్చారు. ఇంటికొచ్చి కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. గాలికి విరిగితే గ్యారంటీ వర్తించదట. ఎండకు రంగు వెలిసినా వర్తించదట. తడవడం వల్ల కలిగే నష్టాలకు కంపెనీ బాధ్యత వహించదట. అంటే బీరువాలో ఉన్నంతకాలం ఆ గొడుగుకు సంపూర్ణ రక్షణ ఉంది. అంగడికి తిరిగి వెళ్ళి అడిగాను. గొడుగును వానలోకి తీసుకెళ్ళే మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు అంగడాయన.

ఆ కార్డు రాసిన మనిషి మీద నాకు కోపం ఉంది కానీ, కొంచెం గౌరవం కూడా ఉంది. ఏది అమ్మడం లేదో అంత స్పష్టంగా రాయడం మా వృత్తిలో నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

నేను సౌండ్ ఇంజనీరును. ఉద్యోగం కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర పని. పని అయ్యాక ఎవరికీ ఏమీ కాను. దీన్ని ఇప్పుడు ఫ్రీలాన్స్ అంటున్నారు. మా ఇంట్లో "ఊరికే తిరుగుతుంటాడు" అనేవాళ్ళు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య ముప్పై ఏళ్ళకు పైగా మైకులు మోసుకుంటూ తిరిగాను. నాటకాలు, బడి పండుగలు, ఎర్రమంచి వైపు ఫ్యాక్టరీ సభలు, భక్తిగీతాల క్యాసెట్లు, చివర్లో పాడ్‌కాస్టులు. రెండేళ్ళ కింద డాక్టరు నా చెవులు పరీక్షించి, ఎడమ చెవికి సన్నటి శబ్దాలు వినిపించడం లేదన్నాడు. "మీకు తెలియలేదా?" అని అడిగాడు. "ఈమధ్య నా మిక్సింగ్ మెత్తగా కుదురుతోందని సంతోషపడుతున్నాను" అన్నాను. అలా రిటైరయ్యాను.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఏమైనా రాయమని కొందరు అడిగారు. మైకు ఎక్కడ పెట్టాలో నేను రాయను. అది మీరు ఫోనులో చూసుకుంటారు, నాకంటే బాగా పెడతారు. నేను రాసేది పని ఒప్పుకునే ముందు రాసుకోవలసిన కాగితం గురించి.

ఆకూ వక్కా

నా మొదటి యజమాని రంగప్ప. హిందూపురంలో ఆయనదొక సౌండ్ సర్వీస్ అంగడి. అందులో రెండు యాంప్లిఫయర్లు, ఆరు బాకాలు, ఒక బీఎస్సీ ఫిజిక్స్ పట్టా ఉండేవి. పట్టా నాది.

ఆయన ఒప్పందాలన్నీ ఆకూ వక్కతో జరిగేవి. పని చెప్పడానికి వచ్చినవాళ్ళు పళ్ళెంలో ఆకులు, వక్కలు పెట్టి ఇచ్చేవాళ్ళు. రంగప్ప ఒక ఆకు మడిచి నోట్లో వేసుకుంటే ఒప్పందం కుదిరినట్టు. ఆ తర్వాత మాట తప్పేవాడు కాదు. ఇబ్బంది ఒక్కటే. షరతులు మాట్లాడుకునే సమయానికి ఆయన నోటినిండా ఆకు ఉండేది. అందువల్ల షరతులన్నీ ఎదుటివాళ్ళే చెప్పేవాళ్ళు. ఆయన తల ఊపేవాడు.

ఒకసారి మడకశిర పక్క పల్లెలో పెళ్ళికి వెళ్ళాం. బాకాలు కట్టి, మైకు నిలబెట్టి పక్కకు జరిగాం. పెళ్ళికూతురి మేనమామ వచ్చాడు.

"పాడేటాయప్ప యాడప్పా?"

"పాడేటాయప్ప ఎవురు?" అన్నాడు రంగప్ప.

"మీరే గదా తెస్తామంటిరి! మైకూ పాటా అంతా మీదే అని నేనంటే తలూపితివి గదా!"

ఊపాడు. నేను చూశాను. రంగప్ప ఒక్క క్షణం ఆకాశంవైపు చూసి, తుండు భుజాన వేసుకొని, మైకు ముందుకు నడిచి తనే పాడాడు. రెండు గంటలు. ఒక్కరూ లేచిపోలేదు. భోజనాలు ఇంకా వడ్డించలేదు.

తిరిగి వస్తూ, "ఇకమీద కాగితం మీద రాసుకుందామా?" అని అడిగాను.

"రాసుకుంటే నమ్మలేదనుకుంటారప్పా" అన్నాడు.

ఆ మాటలో తప్పెక్కడుందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మోసం చేసేవాడు ఎలాగూ చక్కగా రాసుకొనే వస్తాడు. మంచివాళ్ళిద్దరు ఒకే మాటను రెండు రకాలుగా జ్ఞాపకం పెట్టుకుంటారు. కాగితం పని అక్కడే.

పదకొండు సెకన్లు

ఇది సొంతంగా తిరగడం మొదలుపెట్టాక చేసిన తప్పు. ఇంతవరకు ఎక్కడా చెప్పుకోలేదు.

రొద్దం దగ్గరి పల్లెలో తిప్పన్న అని ఒక రైతు ఉండేవాడు. వేరుశనగ పండించేవాడు, పండుగలప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. ఆయన గొంతు గురించి నా ఫిజిక్సు పుస్తకాల్లో ఏమీ రాసి లేదు. రాగం పెరిగేకొద్దీ యంత్రం మీద ముల్లు ఎర్రగీత వైపు పోయేది. నేను మీట తిప్పే లోపలే ఆయన మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ముల్లును ఆయన ఎప్పుడూ చూడలేదు. గీతకు సరిగ్గా ఒక వెంట్రుకవాసి ఇవతల ఆపేవాడు. ఎలా అని అడిగితే, "గొంతు నాది గదప్పా, యాడికి పోతాందో నాకు తెల్లేదా?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం వాళ్ళ రిహార్సల్‌ను నా టేపులో ఎక్కించాను. ఎవరూ అడిగింది కాదు. "పెట్టుకోప్పా, ఎప్పుడన్నా ఇందాం" అన్నాడు తిప్పన్న.

పెట్టుకున్నాను. ఒక ఏడాది పెట్టుకున్నాను. తర్వాత ఒక బడి వార్షికోత్సవానికి కొత్త టేపు దొరక్క, దాని మీదే రికార్డు చేశాను.

తిప్పన్న పోయిన నెలకు ఆయన భార్య లక్ష్మక్క బస్సు దిగి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మా ఆయప్ప గొంతు నీ దగ్గరుండాదంట గదా. రోంత ఇనిపిస్తావా నాయనా?"

నిజం చెప్పే ధైర్యం లేక టేపు పెట్టాను. హెడ్మాస్టరు క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నాడు. లక్ష్మక్క చేతులు ఒళ్ళో పెట్టుకొని శ్రద్ధగా విన్నది. చాలాసేపటికి, తప్పు తనదేనేమో అన్నట్టు, "ఇది ఆయప్ప గాదు నాయనా" అన్నది. అప్పుడు చెప్పాను.

ఆమె కోప్పడలేదు. "ఎన్నాళ్ళు పెట్టుకుంటానని చెప్తివి ఆయప్పకు?"

"ఏమీ చెప్పలేదక్కా."

"ఆయప్ప అడగలేదా?"

"అడగలేదు."

"అడిగుండాల్సింది" అన్నది, నా తరఫున ఆయన్ని మందలిస్తున్నట్టు.

ఈ మాటల్లో టేపు ఆపడం మరిచిపోయాం. బడి పండుగ రికార్డింగు టేపు చివరికంటే ముందే ముగిసింది. వందన సమర్పణ అయింది, టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, ఆ తర్వాత చెరగకుండా మిగిలిన చివరి ముక్క మొదలైంది. హార్మోనియం మీద ఒక స్వరం. ఒక దగ్గు. "ఇంగోసారి పట్టుదామా?" అని తిప్పన్న గొంతు. అంతే. టేపు అయిపోయింది. పదకొండు సెకన్లు.

లక్ష్మక్క లేచి నిలబడింది, ఆయన ఇంట్లోకి వచ్చినట్టు.

ఆ పదకొండు సెకన్లు ఆరుసార్లు వినిపించాను. అందులో రాగం లేదు, పద్యం లేదు. ఆరోసారికి ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. "ఆ దగ్గు ఆయప్పదే" అన్నది. చెంగుతో కళ్ళు తుడుచుకొని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

నేను ఆ రోజువరకు దగ్గులన్నీ కత్తిరించి పారేసేవాణ్ణి. పాటకు ముందు వచ్చే గుసగుసలు, కుర్చీ చప్పుళ్ళు, గొంతు సవరింపులు మాకు చెత్త. ఆ చెత్తలో ఒక మనిషి మొత్తం ఉండగలడని తెలిశాక, చెరిపే మీట నొక్కే ముందు ప్రతి టేపునూ చివరిదాకా వినడం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా ఆ అలవాటు పోలేదు. మీ ఒప్పందంలో మొదటి మాట ఇదే కావాలి: రికార్డు చేసినదాన్ని ఎన్నాళ్ళు దాస్తారు, చెరిపే ముందు ఎవరికి చెబుతారు. మిగతావన్నీ తర్వాత.

పెనుకొండ రేకుల పంచ

చాలా ఏళ్ళు గడిచాయి. టేపులు పోయి హార్డ్ డిస్కులు వచ్చాయి. ధర్మవరం నేతవాళ్ళ పాటలు రికార్డు చేసి ఆల్బంగా తేవాలని ఒక బెంగళూరు కంపెనీ నన్ను పిలిచింది. వాళ్ళ తరఫున వచ్చినవాడు వినీత్. మంచివాడు. మాట్లాడేటప్పుడు చేతులు మాటల కంటే ముందు వెళ్ళేవి. సంతకం పెట్టమని పద్నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందం పంపాడు. నేను రికార్డు చేసే ప్రతి శబ్దమూ, ఇప్పుడున్న యంత్రాల్లోనూ ఇక ముందు కనిపెట్టబోయే యంత్రాల్లోనూ, విశ్వమంతటా కంపెనీకే చెందుతుందని అందులో ఉంది. విశ్వమంతటా. నేను తూర్పున నల్లచెరువు దాటి పని చేసింది లేదు.

పాడబోయే మనిషి ఓబుళమ్మ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబం, యాభై దాటిన మనిషి. ముందుగా ఒకసారి వెళ్ళి ఆమె పాడుతుంటే విన్నాను. విన్నాక ఆ పద్నాలుగు పేజీల మీద సంతకానికి చెయ్యి రాలేదు. నేను అమ్ముతున్నది నా పని. కాగితంలో పోతున్నది ఆమె గొంతు. రేపు ఇంకో లక్ష్మక్క బస్సు దిగి వచ్చి అడిగితే, "విశ్వమంతటా ఉందక్కా, నా దగ్గర మాత్రం లేదు" అని చెప్పాలి.

"నా ఒప్పందం నేను రాయించుకొస్తాను" అని వినీత్‌కు చెప్పి పెనుకొండ వెళ్ళాను. అక్కడ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా, పంచ అనే రేకుల వసారా కింద, గోవిందప్ప దస్తావేజులు రాస్తాడు. మా ఇంటి స్థలం కాగితాలు ఆయనే రాశాడు. ఆయన రాసిన కాగితం మీద తగాదా వచ్చిందని నేను వినలేదు. జీవితమంతా ఆయన భూములు తప్ప వేరేవి రాయలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

"ఏమమ్ముతాండావప్పా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"శబ్దం."

పెన్ను ఆగింది. "ఎన్ని సెంట్లు?"

నవ్వుతున్నాడేమోనని చూశాను. లేదు.

"అయిదు పాటలు."

"యాడుండాయి?"

"ఇంకా లేవు. ఒకావిడ పాడితే వస్తాయి."

"పుట్టనిదాన్ని అమ్ముతాండావు. సరే. బావి తవ్వకముందే నీళ్ళు అమ్మినోళ్ళకు గూడా రాసిండా. చెక్కుబంది చెప్పు."

చెక్కుబంది అంటే భూమికి నాలుగు దిక్కులా ఉండే హద్దులు. తూర్పున ఎవరి చేను, పడమర ఎవరి బావి అని దస్తావేజులో రాస్తారు. అమ్మిన నేల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

"పాటకు దిక్కులుండవు గోవిందప్పా."

"హద్దు లేకుంటే నేను రాయను. హద్దు రాయకుంటే కొన్నోడు యాడి దాకైనా దున్నుకుంటాడు. పాటకు ముందర ఏముంటాది?"

ఆలోచించాను. "ఊపిరి పీలుస్తుంది."

"అది తూర్పు. పాట అయిపోయినాక?"

"మగ్గం ఆగుతుంది."

"పడమర. పాటకు పైనుండేది ఏంది?"

"ఆమె గొంతే."

"గొంతు గూడా అమ్ముతాండావా?"

"లేదు లేదు. పాటలే."

"ఉత్తరం, గొంతు. ఇంగ పాటకు కిందేముండాది?"

నేల వైపు చూశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆయమ్మ ఏం పని చేసుకుంటా పాడతాది?"

"చేతిమగ్గం నేస్తూ."

"అదే. దక్షిణం, చేతిమగ్గం. ఆ పని మీదే గదా పాట నిలబడుకోనుండేది" అన్నాడు.

కాలేజీలో శబ్దతరంగాలు చదివాను. వందల మంది గొంతులు ఎక్కించాను. పాట దేనిమీద నిలబడుతుందని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

గంటలో కాగితం తయారైంది. "తూర్పు: ఓబుళమ్మ పాటకు ముందు తీసుకొను ఊపిరి. పడమర: పాట ముగిసి మగ్గము నిలుచు చప్పుడు. ఉత్తరము: సదరు ఓబుళమ్మ గొంతు. దక్షిణము: సదరు ఓబుళమ్మ చేయు చేతిమగ్గము పని. ఈ మధ్యనున్న అయిదు పాటలు మాత్రమే మీకు దఖలు పరచడమైనది. హద్దులు దాటి అనుభవించుటకు మీకు గాని మీ తరువాతి వారికి గాని హక్కు లేదు."

ఆ తర్వాత దారి హక్కు. చేను అమ్మినా పక్కవాళ్ళు బావికి నడిచే దారి ఉంచినట్టు, ఓబుళమ్మా ఆమె వారసులూ ఎప్పుడు కావాలన్నా నా దగ్గరికి వచ్చి రికార్డింగు మొత్తం వినిపోవచ్చు. ఆ తర్వాత నిధి నిక్షేపాలు, అంటే అమ్మేనాటికి ఎవరికీ తెలియకుండా నేలలో పూడ్చి ఉన్నవి.

"పాటల్లో ఏం పూడ్చిపెట్టి ఉంటారప్పా?" అన్నాడు.

"దగ్గు ఉంటుంది" అన్నాను.

ఎందుకలా అన్నానో ఆయన అడగలేదు. అమ్మనివాటి జాబితాలో రాశాడు.

కాలం దగ్గర మాత్రం మాకు తగాదా వచ్చింది. రికార్డింగును నేను "ఆచంద్రార్కము" భద్రపరచాలని రాశాడు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం.

"గోవిందప్పా, హార్డ్ డిస్కుకు మూడేళ్ళే గ్యారంటీ."

"ఎవురిచ్చిండేది?"

"తయారుచేసిన కంపెనీ."

"వాళ్ళకు సూర్యుని మీద నమ్మకం లేదేమో" అని విసుక్కుంటూ, నా జీవితకాలానికి దించాడు. రెండు వేరువేరు ఇళ్ళల్లో దాచాలని, నా తర్వాత ఓబుళమ్మ వారసులకు అప్పగించాలని అదనంగా కలిపాడు.

హిందూపురం చేరేలోపు బస్సులో ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. మైకు పట్టుకొని ఎరగని మనిషి ఒక మధ్యాహ్నం కూర్చుని, నా వృత్తిని కొలిచి నాలుగు మూలలా రాళ్ళు పాతాడు. నాకు అది ముప్పై ఏళ్ళలో చేతకాలేదు.

వినీత్ దాన్ని చూసి చాలా ముచ్చటపడ్డాడు. ఫోటో తీసి ఆఫీసుకు పంపాడు. వాళ్ళూ ముచ్చటపడి సరేనన్నారు. చదివారా అని నేను అడగలేదు. గోవిందప్ప పంచలోనే నేనూ వినీతూ సంతకాలు పెట్టాం. పక్కనున్న టీ అంగడాయన, పొలం అమ్మడానికి వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన సాక్షులు.

మగ్గం ఆగిన వీధి

రికార్డింగుకు వెళ్ళిన రోజు పాత అలవాటు కొద్దీ ఓబుళమ్మను ఒక్క ఉపకారం అడిగాను: తన మగ్గంతో సహా చుట్టుపక్కల మగ్గాలన్నీ కాసేపు ఆపించగలవా అని. ఆమె గుమ్మంలో నిలబడి ఒక కేక వేసింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగుతూ వచ్చింది. చివరి మగ్గం కూడా ఆగాక ఆ వీధి ఎలా ఉందో చెప్పలేను. ధర్మవరంలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇళ్ళలోంచి బయటికి వచ్చి ఏమైందని చూశారు.

ఆ నిశ్శబ్దంలో ఓబుళమ్మ నోరు తెరిచింది. పాట రాలేదు. మూడుసార్లు ప్రయత్నించింది.

"మగ్గం ఆడకుంటే పాటలో యాడ అడుగు పెట్టాల్నో తెల్లేదన్నా" అన్నది.

నేను నేర్చుకున్న మొదటి పాఠం గదిలో వేరే చప్పుడు లేకుండా చూసుకోవడం. దాన్ని పక్కన పెట్టి, "మగ్గంలో కూర్చో తల్లీ" అన్నాను. ఆమె గుంటలోకి దిగి, కాళ్ళు తొక్కుళ్ళ మీద పెట్టి, పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరింది. నాడె అటు పోయినప్పుడు ఊపిరి, ఇటు వచ్చినప్పుడు మాట. పోగును బిగించే దువ్వెన కొట్టు పడినచోట తాళం పడింది. నా దగ్గర శ్రుతి చూపే చిన్న యంత్రం ఉంది. తంబూర లేదు, శ్రుతిపెట్టె లేదు. గంట తర్వాత కూడా ముల్లు మొదలైన చోటే ఉంది. యంత్రం చెడిపోయిందేమోనని బ్యాటరీ మార్చాను. ముల్లు మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది. యంత్రాన్ని సంచిలో పెట్టేశాను. ఎవరి ముందు ఏది బయటికి తీయాలో తెలిసి ఉండాలి కదా.

దక్షిణపు హద్దు గురించి గోవిందప్ప అన్నది అప్పుడు కళ్ళారా చూశాను.

అయిదో పాటతో చీర కూడా పూర్తయింది. మగ్గం ఆగింది. ఓబుళమ్మ భర్త చీరను కోసి, మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె మడత మీద అరచెయ్యి పెట్టి, చాలా మెల్లగా, "పో తల్లీ. నిన్ను కట్టుకునే బిడ్డ సల్లగుండాల" అన్నది.

రికార్డింగు నడుస్తూనే ఉంది. వినీత్ హెడ్‌ఫోన్లు తీసి తల పక్కకు తిప్పుకున్నాడు. నేను బాగానే ఉన్న ఒక కేబులును చాలాసేపు పరీక్షించాను.

"ప్రతి చీరకూ చెబుతావా ఓబుళమ్మా?" అని తర్వాత అడిగాను.

"సెప్పకుండా ఎట్ల పంపిస్తామన్నా? ఇన్ని దినాలు ఇంట్లో ఉండె గదా."

అయిదు పాటలు శుభ్రం చేసి కంపెనీకి పంపాను. మొత్తం రికార్డింగు కాగితంలో ఉన్నట్టే రెండు ఇళ్ళల్లో దాచాను.

పడమటి హద్దు

ఆరు నెలలకు వినీత్ ఫోన్ చేశాడు. ఒక పెద్ద చీరల షోరూం వాళ్ళు ప్రకటన తీస్తున్నారట. ఓబుళమ్మ చీరతో చెప్పిన ఆ ఒక్క మాట కావాలట.

"ఏం చీరలు?" అన్నాను.

"మరమగ్గం చీరలు సార్. కానీ చూడ్డానికి అచ్చం..."

అచ్చం చేతిమగ్గం చీరల్లాగే ఉంటాయి. సంగతంతా అక్కడే ఉంది. గంటల్లో మర నేసిన చీర మీద, రోజుల తరబడి చేత్తో నేసే మనిషి దీవెన పెడితే, కొనేవాళ్ళు అది చేతి చీరే అనుకుంటారు. అలా అమ్ముడుపోయిన ప్రతి చీరా ఓబుళమ్మ వీధిలో ఒక చీరను మగ్గం మీదే ఉంచేస్తుంది. ఆ వీధి చీరల మీద దెబ్బ ఆమె గొంతుతోనే పడుతుంది.

"అది పడమటి హద్దుకు అవతల ఉంది వినీత్. మగ్గం ఆగాక వచ్చిన మాట. దక్షిణం హద్దు కూడా దాటుతున్నారు" అన్నాను.

నాలుగు రోజులకు వినీత్‌తో కలిసి కారులో వాళ్ళ లాయరు వచ్చింది. పేరు శారద. తెలుగులో కన్నడం, కన్నడంలో ఇంగ్లీషు కలిపి చకచకా మాట్లాడే మనిషి. కాగితం చేతికిస్తే నవ్వింది.

"ఏం సార్ ఇది, అగ్రిమెంటా? సైటు పత్రమా?"

చదవడం మొదలుపెట్టింది. హద్దుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. నిధి నిక్షేపాల దగ్గర వేలు పెట్టి ఆగింది. నా గుండె కొట్టుకోవడం నాకు వినిపించింది. ఎడమ చెవికి కూడా.

"ఎవరు రాసింది?"

"పెనుకొండలో గోవిందప్ప అని, దస్తావేజులు రాస్తాడు."

"ఆయనకి కాపీరైట్ గొత్తా? తెలుసా?"

"గట్లు తెలుసు."

ఆమె కాగితం మడిచి వినీత్ వైపు తిరిగింది. "లోపలికి దూరేకి ఒక్క సందు గూడా పెట్టలేదు వినీత్. ఇక వదిలెయ్." వెళ్ళేముందు ఒక జిరాక్సు అడిగి తీసుకుంది.

గోవిందప్పకు ఫోన్ చేసి చెప్పాను.

"పడమర దాటబోయినారా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఎవురైనా పడమరే దాటతారప్పా. పొద్దు గుంకేటప్పుడు ఎవురూ సూడరు గదా" అని, ఎవరో కక్షిదారుడు వచ్చాడని ఫోన్ పెట్టేశాడు.

అందుకే చెబుతున్నాను. మీరు చేసే పనిని రాయడం సులభం. మూడు వాక్యాలు చాలు. అమ్మనిదాన్ని రాయండి. అది ఎక్కడ మొదలవుతుందో, దానికి అటువైపు ఎవరున్నారో రాయండి. మీకు రాయడం రాకపోతే లాయరే కానక్కర్లేదు, ఒక గట్టు విలువ తెలిసిన మనిషిని వెతుక్కోండి. ఆ రోజుకు నేను నేర్చుకున్నది అంతా ఇదే అనుకున్నాను.

చదివి వినిపించడం

మరుసటి రోజు పొద్దున రైల్లో ధర్మవరం వెళ్ళాను, సంచిలో ఆ కాగితం జిరాక్సుతో. మంచి వార్త మోసుకెళ్ళే మనిషి నడక ఎలా ఉంటుందో అలాగే నడిచి ఉంటాను.

ఓబుళమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. జరిగిందంతా చెప్పాను. షోరూం, మరమగ్గం చీరలు, బెంగళూరు లాయరు, ఆమె వెనక్కి తగ్గడం.

"ఏం మాటన్నా వాళ్ళడిగింది? సీరకు సెప్పే మాటా?"

"అదే. ఇవ్వలేదు."

రాట్నం తిరుగుతూనే ఉంది. "ఆ కాగితం సదువు."

చదివాను. తూర్పు హద్దు వినగానే నవ్వింది. "ఓయప్పా! నా ఊపిరి గూడా రాసినారా!" పడమరకు తల ఊపింది. ఉత్తరం చదివేసరికి రాట్నం ఆగింది.

"ఇంగోసారి."

"ఉత్తరము: సదరు ఓబుళమ్మ గొంతు."

"ఊ. సదువు."

దక్షిణం చదివాను. దారి హక్కు చదివాను. నిధి నిక్షేపాలు, నేను దాచవలసిన కాలం, అన్నీ చదివాను. ఆమె అంతా విన్నది, ఒక్క మాట కూడా జారనివ్వకుండా.

"సంతకాలు ఎవురెవురివి?"

"నాదీ వినీత్‌దీ. సాక్షులు టీ అంగడాయన, పొలం అమ్మడానికి వచ్చిన పెద్దాయన ఒకరు."

"ఆయప్పలు నా పాట ఇన్నారా?"

"లేదు."

ఓబుళమ్మ తెగిన పోగును రెండు వేళ్ళతో పట్టి ముడివేసింది. ముడి కనిపించలేదు.

"మిషన్ సీరకు ఆ మాట నేను సెప్పనన్నా. నన్నడిగింటే ఇయ్యనని నా నోటితో నేనే సెప్పుందును" అన్నది. తర్వాత నా చేతిలోని కాగితం వైపు చూసింది. "నన్ను గట్టు జేసి మీరిద్దరూ సంతకాలు పెట్టుకున్నారు. సేను ఎవురిదన్నా?"